నా వంతు కాని సగం

నా పేరు సుంకులమ్మ. తిత్తి సుంకులమ్మ అంటే మా మూడు గవుల్లోనూ, కొండ లోపలి ఈ మూడు గుహల్లోనూ, తెలుస్తుంది. వయసు డెబ్బై ఒకటో రెండో. నేను పుట్టినప్పుడు మావాళ్ళు ఇంకా పైన, ఆ ఎండలో, ఆ విషపు గాలిలో ఉన్నారు. లెక్క పెట్టే తీరిక ఎవరికుంది? ఇంట్లో ముగ్గురం: నేను, కొడుకు ఓబులేసు, కోడలు పుల్లమ్మ. మగడు పోయి ముప్పై రెండేళ్ళు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తుంటే, గవులకు గాలి పంపే మోటారు చూసే దస్తగిరి రాస్తున్నాడు. పుస్తకం కూడా మోటారుదే. రోజూ గాలి ముల్లు వందకు ఎంత మంచి గాలి చూపించిందో ముందు రాసి, దాని కింద నా మాట రాయమన్నాను. మా తగవులు తీర్చే కొండ సభ వారు నన్ను నమ్మకపోయినా ముల్లును నమ్ముతారు.

"కొంచెం మర్యాదగా మార్చి రాస్తా అవ్వా" అన్నాడు దస్తగిరి.

"మార్చినావంటే నీ వేళ్ళు మోటారు బెల్టులో పెడతా" అన్నాను. అది కూడా రాయమన్నాను.

మోటారు పెట్టిన పద్దెనిమిదో ఏడు, 211వ దినం
*గాలి వందకు: పై గవి ఇరవై. నడి గవి పంతొమ్మిది. అడుగు గవి పదిహేడు.*

ఈరోజు నేను నోరు మూసుకున్నాను. రేపు కూడా మూసుకుంటానేమోనన్న భయంతో రాయిస్తున్నాను.

పొద్దున పై గవి ధ్యానమందిరంలో అందరం కూర్చున్నాం. పద్ధతి ప్రకారం నేను, పోయిన మా పెద్ద తిత్తిసామి మాటలు పలికాను, నా కొడుకు ఓబులేసు వాటికి అర్థం చెప్పాడు. పదకొండేళ్ళుగా సామి పీట మీద వాడే కూర్చుంటున్నాడు, జనం ఇప్పుడు వాడినే సామీ అంటారు. అప్పుడు అడుగు గవి నుంచి చౌడమ్మ వచ్చింది. పుట్టగొడుగుల మళ్ళలో పని చేసే పిల్ల. పిల్ల అంటే ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. చేతిలో మట్టి దీపం.

"సామీ, మా గవిలో ఈ దీపం మోకాలి ఎత్తున పెడితే ఆరిపోతాంది. మా పిల్లోల్లు నేల మీదే కదా పండుకునేది! నడి గవిలో మా పక్క గాలి తలుపు సగం మూసినారు. తెరిపీండి" అంది.

ఓబులేసు కోపం తెచ్చుకోలేదు. వాడికి కోపం రాదు, అదే వాడి బలం. "చౌడమ్మా, తిత్తిసామి ఏం చెప్పినాడు? దొరికిన గాలితో తృప్తిపడు" అన్నాడు. మందిరమంతా ఆ మాట పలికింది. నా నోరు కూడా పలికింది, అలవాటు కొద్దీ.

"ఆ మాటకు మా కింద ఇంకొక మాట ఉండాది సామీ. *పక్కవానికి దొరికిందో లేదో చూసినాక.*"

ఎవరో కిసుక్కుమన్నారు. "అదేం మాట మే? తలకాయ లేని తోక!" అన్నారు వెనక వరుసలోంచి. అందరూ నవ్వారు.

చౌడమ్మ నా వైపు తిరిగింది. "సుంకులమ్మవ్వా, నువ్వు మా జేజితో కలిసి తిత్తి తొక్కినావు. నువ్వు చెప్పు. ఆ మాట ఉండాదా లేదా?"

నేను తల దించుకున్నాను. పై గవిలో నా ఈడు తెల్ల తలలు ఇంకా నాలుగున్నాయి. అవీ దిగాయి.

అప్పుడు ఆ పిల్ల అనకూడని మాట అంది. "కండ్లు మూసుకొని ఊరికే కూర్చునేదానికి మీకు అంత గాలి ఏంటికి సామీ?"

మందిరం లేచి నిలబడింది. ఓబులేసు చెయ్యెత్తి అందరినీ కూర్చోబెట్టి, మెత్తగా, పాపం అన్నట్టుగానే, ఐదు దినాల మౌనం వేశాడు. మౌనం అంటే ఒంటరిగా గుంతలో కూర్చోవడం. అడుగు గవి కంటే కిందన ఉంది ఆ మౌనగుంత. అక్కడికి తీసుకుపోయారు.

దీపం మాత్రం నా ముందు మరిచిపోయింది. పై గవిలో అది నిటారుగా వెలుగుతోంది.

212వ దినం
*పై గవి ఇరవై. నడి గవి పంతొమ్మిది. అడుగు గవి పదహారున్నర.*

ఎందుకు మాట్లాడలేదో చెప్తాను.

తిత్తిసామి కమ్మరి. కొలిమి తిత్తి తప్ప వేరే శాస్త్రం తెలియదాయనకు. ఆ తిత్తితోనే మమ్మల్ని బతికించాడు. నడి గవిలో రెండు పెద్ద తిత్తులు పెట్టి, వాటి మీద ఒకే పొడుగు పలక వేశాడు. ఈ కొసన ఒక మనిషి, ఆ కొసన ఒక మనిషి నిలబడి తొక్కాలి. నా కొస దిగితే పై గవికి గాలి. మద్దమ్మ కొస దిగితే అడుగు గవికి గాలి. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పంపాలన్నా ఆ పలక పంపనివ్వదు. మద్దమ్మ అంటే చౌడమ్మ జేజి; ఈ పిల్ల ఆమె మనవరాలు. ఇద్దరం కలిసి ఇరవై ఆరేళ్ళు తొక్కాం.

తొక్కేటప్పుడు సామి మాటలు పలకాలి. ప్రతి మాటకూ రెండు సగాలు. పై సగం నాది, కింది సగం ఆమెది. నా మాట నా ముఖం ముందున్న గొట్టంలో పడి పై గవికి పోయేది, ఆమె మాట ఆమె గొట్టంలో పడి అడుగుకు పోయేది. రెండూ వినేది మేమిద్దరమే.

"ఏం సామీ, పూర్తి మాట అందరికీ చెప్తే ఏం పోతాది?" అని నేనే ఒకసారి అడిగాను.

"పూర్తి మాట ఒకని చేతికిస్తే వాడు పెద్ద అయి కూర్చుంటాడు మే. సగం సగం ఇస్తే ఒకరి గడప ఒకరు తొక్కాల" అన్నాడు.

అందుకనే పున్నమి లెక్క వచ్చినప్పుడల్లా రెండు గవుల వాళ్ళూ నడి గవిలో కలిసి తినేవాళ్ళు. తింటూ ఒకరు సగం అంటే ఇంకొకరు సగం అనేవాళ్ళు, పిల్లల ఆటలాగ. సామి పోయిన మరుసటేడు దగ్గు జబ్బు వచ్చింది. కలిసి తినడం ఆపమన్నారు. జబ్బు పోయింది గానీ తిండి మళ్ళీ కలవలేదు.

తిత్తి ఆడవాళ్ళకు ఒక కట్టడి ఉంది. పక్కదాని సగం నువ్వు పలకకూడదు. పలికితే దాని ఊపిరి దొంగిలించినట్టు. మద్దమ్మకు ఒళ్ళు బాగాలేని రోజుల్లో కూడా నేను నా సగం పలికి, ఆమె సగానికి ఖాళీ వదిలి, మళ్ళీ నా సగం ఎత్తుకునేదాన్ని. అంత నిష్ఠ నాది. ఆ నిష్ఠ చూసి నాకే ముచ్చటగా ఉండేది.

మోటారు వచ్చాక పలక తీసేశారు. "ఇంక పలికేదానికి ఒక్కరు చాలు" అన్నారు పై గవి పెద్దలు. నన్ను ఉంచారు. మద్దమ్మను "రెస్టు తీసుకో" అన్నారు. మెట్లు దిగుతూ ఆమె ఒక్క మాటే అంది: "నా వంతుకు ఖాళీ వదుల్తావా మే?"

వదులుతాను అన్నాను. ఒక నెల వదిలాను. ఖాళీలో జనం దగ్గుతున్నారు, కదులుతున్నారు. ఆ పైన వదలలేదు. మద్దమ్మ పన్నెండేళ్ళ కిందట పోయింది.

213వ దినం
*పై గవి ఇరవై. నడి గవి పంతొమ్మిది. అడుగు గవి పదహారు. మౌనగుంతలో ముల్లు లేదు.*

పుల్లమ్మ మౌనగుంత దగ్గర చౌడమ్మకు కూడు పెట్టి వచ్చింది. "నిన్నటి గిన్నె అట్లే ఉండాది అత్తా. తలుపు కింది సందులోంచి చెయ్యి కూడా చాపలేదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆయప్పకు నువ్వన్నా చెప్పు. నేను చెప్తే పెండ్లాం మాట అంటాడు" అంది.

సందేళ ఓబులేసు వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. రోజూ నా మోకాళ్ళకు నూనె రాస్తాడు. ఊరికి సామి గానీ, నాకు మంచి కొడుకు. ఆ మాట కూడా సభవారు వినాలి.

"ఓబులేసా, ఆ పిల్ల చెప్పిన మాట ఉండాది" అన్నాను.

వాడి చెయ్యి ఆగలేదు. "ఏ మాట?"

"గాలి మాట. అదొక్కటే కాదు, అన్నిటికీ ఉండాయి. పెద్ద చెప్పింది తల దించి విను అని నేను చెప్తాను కదా? దాని కింద *విన్నాక తల ఎత్తి అడుగు* అని ఉండాది. మౌనానికి కూడా ఒకటి ఉండాది."

"ఏముండాది?"

వాడి చెవిలో చెప్పాను. అది ఇక్కడ రాయించను. మద్దమ్మ సగాలు రెండు నా నోట అప్పటికే జారిపోయాయి, నాలుక కాలినట్టుంది. మూడోది కాగితం మీద పెట్టలేను. దస్తగిరీ, అక్కడ ఒక గీత ఖాళీ వదులు.

. . . . . . . . . . . . . . . . . . . .

ఓబులేసు నూనె గిన్నె పక్కన పెట్టాడు.

"మా, నన్ను ఒళ్ళో పండబెట్టుకొని ఈ మాటలన్నీ నువ్వే పాడినావు కదా. అప్పుడేంటికి చెప్పలేదు?"

"నా వంతు కాదు నాయనా."

"అయితే పదకొండేళ్ళుగా నేను ఆడ కూర్చొని చెప్పేదంతా సగమా?"

వాడు నా దగ్గర దొంగిలించింది ఏమీ లేదు. నేను సగమే పెట్టాను, వాడు దాంతోనే పెరిగాడు. తనకు నప్పినట్టు పెరిగాడు, అది వేరే సంగతి. గాలి తలుపు సగం మూయించింది నా సగం కాదు, వాడి బుద్ధే. కానీ మూసిన తలుపుకు గొళ్ళెం నా మాట.

"రెండు దినాలు ఓపిక పట్టు మా" అన్నాడు చివరికి. "ఇప్పుడు విడిస్తే, సామి తప్పు చేసినాడంటారు. ఐదు దినాలు కానీ. ఆ పైన మెల్లగా నేనే తలుపు తీయిస్తా. నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పొద్దు."

సరే అన్నాను. కొడుకు ఒట్టు పెట్టాడని. వాడి పీట కదులుతుందని.

214వ దినం
*పై గవి ఇరవై. నడి గవి పంతొమ్మిది. అడుగు గవి పదిహేనున్నర.*

ఈరోజు నేను చేసింది నా బతుకులో చేసిన పనులన్నిటిలోకీ చెడ్డది. మెల్లగా చెప్తాను, దస్తగిరీ, గబగబా రాయకు.

చౌడమ్మ మొగుడు తిక్కన్న మందిరం వాకిట్లో నిలబడి ఏడ్చాడు. "నిన్నటి దాకా లోపల నుంచి గోడ మీద కొట్టేది సామీ. ఈరోజు కొట్టలేదు" అన్నాడు. జనంలో గుసగుస మొదలైంది. ఓబులేసు నా వైపు చూశాడు. "అమ్మా, మౌనం మాట పలుకు" అన్నాడు.

నేను పలికాను. *తప్పు చేసినదాన్ని మౌనంలో కూర్చోబెట్టు.* నా గొంతు ఇప్పటికీ గట్టిదే, మందిరం నాలుగు మూలలకూ పోతుంది. గుసగుస ఆగిపోయింది. తిక్కన్న తల దించుకొని మెట్లు దిగిపోయాడు.

పలికాక, పద్దెనిమిదేళ్ళ తర్వాత, నాకు తెలియకుండానే ఖాళీ వదిలాను. ఎవరూ దగ్గలేదు. ఆ ఖాళీలో మద్దమ్మ నిలబడి ఉంది. నేను తర్వాతి మాట ఎత్తుకున్నాను.

ఇంటికొచ్చాను. చౌడమ్మ మరిచిపోయిన దీపం గూట్లో ఉంది. పుల్లమ్మ దానికి నూనె పోసి వెలిగించింది. నన్ను కసురుకున్నా బాగుండేది.

215వ దినం
*పై గవి ఇరవై. నడి గవి పంతొమ్మిది. అడుగు గవి పదిహేను.*

పొద్దున మందిరానికి పోలేదు. దీపం తీసుకొని నడి గవికి వచ్చి, "దస్తగిరీ, నన్ను కిందికి దింపు" అన్నాను.

"నూట ఎనభై మెట్లు అవ్వా. నీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నిన్ను అడిగినానా?"

దిగేసరికి ఎంతసేపయిందో తెలియదు. అడుగు గవిలో పిల్లలు బల్లల మీద, గంపల మీద పడుకున్నారు. నేల మీద ఒక్కరూ లేరు. పెద్దవాళ్ళు నా వైపు చూసి పక్కకు జరిగారు. ఎవరూ నమస్కారం పెట్టలేదు. పెట్టకపోవడమే న్యాయం.

మౌనగుంత తలుపుకు తాళం లేదు. బయట ఒక గడియ, అంతే. ఎన్నడూ తాళం లేదు. ఈ ఐదు దినాల్లో ఎవరు పోయి వేలితో ఎత్తినా లేచేది. మొగుడు ఎత్తలేదు, పుల్లమ్మ ఎత్తలేదు, నేను ఎత్తలేదు. సామి మాట అడ్డం ఉందనుకున్నాం అందరం. ఎత్తాను. లేచింది.

నాలుగు మెట్లు దిగితే దీపం ఆరిపోయింది. చీకట్లో చెయ్యి తడుముకుంటూ ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఒళ్ళు చల్లగా ఉంది. ఊపిరి ఉంది, ఎక్కడో లోపల. పేరు పెట్టి పిలిచాను, పలకలేదు. ఇంకేం చెయ్యాలో తోచక నాకు తెలిసిన పని చేశాను. నా సగం పలికాను.

"తప్పు చేసినదాన్ని మౌనంలో కూర్చోబెట్టు."

ఖాళీ వదిలాను. చాలాసేపు వదిలాను. అప్పుడు, గొట్టం అవతల నుంచి వచ్చినట్టు, మద్దమ్మ సగం వచ్చింది.

"నువ్వూ... పోయి... పక్కన కూర్చో."

అదీ ఆ మాట. పూర్తి మాట అది. మౌనం వేసినవాడు కూడా గుంతలో దిగి పక్కన కూర్చోవాలి. సామి బతికున్నప్పుడు రెండుసార్లు వేశాడు, రెండుసార్లూ తనే దిగాడు. దీపం చిన్నబోగానే ఇద్దరూ కలిసి పైకొచ్చి కూడు తిన్నారు. నేను చూశాను ఈ కళ్ళతో.

"వచ్చినావా అవ్వా" అంది.

"వచ్చినా మే. తడువు చేసినా."

"మోకాళ్ళు... నొప్పా?"

ఆ స్థితిలో నన్ను ఎగతాళి చేసిందో, నిజంగా అడిగిందో నాకు తెలియలేదు. మద్దమ్మ మనవరాలు కదా, ఎగతాళే అయ్యుంటుంది.

తిక్కన్నా దస్తగిరీ ఆమెను నడి గవికి మోసుకొచ్చారు. దస్తగిరి పరుగున పోయి గాలి తలుపు పూర్తిగా తెరిచాడు. దాని ముందు పడుకోబెట్టారు. గాలి ఆమె జుట్టును ఎగరేసింది. రెండు మూడుసార్లు నోరు తెరిచి పీల్చింది. నాలుగోసారి పీల్చలేదు.

పై గవి వాళ్ళు దిగి వచ్చారు. తిక్కన్న నేల మీద పడి గట్టిగా ఏడుస్తున్నాడు. పై గవి ఆడమనిషి ఒకామె అతని భుజం మీద చెయ్యి వేసి, మంచి మనసుతోనే, "నీ బాధను నోట పెట్టకు నాయనా" అంది.

అక్కడ తెగింది నాకు. "*ఎదుటివాని బాధను నోట పెట్టకుండా ఉండకు!*" అని అరిచాను. "అదీ మే దాని కింది సగం! మొగుణ్ణి ఏడ్వొద్దనేదానికి కాదు సామి ఆ మాట చెప్పింది. వాని తరఫున నువ్వు ఏడ్వమని!"

ఆ పైన ఆగలేదు. నూట ఎనిమిది మాటలూ పలికాను, రెండు సగాలూ, మాటమాటకూ మద్దమ్మకు క్షమాపణ చెప్పుకుంటూ. కింది సగం వచ్చిన ప్రతిసారీ అడుగు గవి వాళ్ళు నాతో కలిసి పలికారు. వాళ్ళందరికీ వచ్చు. పద్దెనిమిదేళ్ళుగా గొట్టంలో మాట రాకపోయినా వాళ్ళు మరిచిపోలేదు. తలకాయ లేని తోక అని మొన్న పై గవి నవ్వింది దీన్ని చూసే.

ఓబులేసు అంతసేపూ గాలి తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. వాడి చెయ్యి దాని పిడి మీద ఉంది, కానీ మూయలేదు.

216వ దినం
*పై గవి పంతొమ్మిది. నడి గవి పంతొమ్మిది. అడుగు గవి పద్దెనిమిది.*

రాయించడానికి ఏమీ లేదు. తలుపు తెరిస్తే ఒక్క దినానికి పద్దెనిమిది. పై గవిలో ఎవరికీ ఊపిరి అందకుండా పోలేదు.

229వ దినం
*మూడు గవులూ పంతొమ్మిది.*

కొండ సభ వారికి నా మనవి ఇది.

నేరం నా కొడుకు ఓబులేసు ఒక్కడిదే అని తేల్చకండి. తలుపు మూయించింది వాడు, మౌనం వేసింది వాడు, రెండు దినాలు ఆగమన్నది వాడు. దానికి వాడిని ఏం చేస్తారో మీ ఇష్టం, అడ్డుపడను. కానీ వాడికి ఆ సగం మాటలు ఉగ్గుతో పాటు పట్టింది నేను. పూర్తి మాట తెలిసి నిష్ఠ పేరుతో దాచింది నేను. నా కట్టడి తప్పకూడదనుకున్నాను. ఆ కట్టడి ఇద్దరు నిలబడే పలకకు పెట్టింది. పలక పోయాక దాన్ని పట్టుకొని వేలాడాను. మద్దమ్మ ఊపిరి దొంగిలించకూడదని ఆమె మనవరాలి ఊపిరి తీశాను.

నాకు మౌనం వేయండి. ఐదు దినాలు. ముసలిదని తగ్గించకండి. అయితే సామి మాట పూర్తిగా పాటించాలి. నాకు వేసినవారిలో ఒకరు గుంతలో నా పక్కన కూర్చోవాలి. దీపం తోడు తెచ్చుకోండి.

పొడుగు పలక మళ్ళీ పెట్టించండి. మోటారు తిరగనీ, దస్తగిరికి పని పోనక్కర్లేదు. కానీ పొద్దున ఒక గడియ పై గవి నుంచి ఒకరు, అడుగు గవి నుంచి ఒకరు వచ్చి తొక్కాలి. పున్నమికి కలిసి తినాలి. మొన్న పున్నమికి పుల్లమ్మ ఒక్కతే కూడు మోసుకొని కిందికి పోయింది. ముగ్గురు ఆమెతో కూర్చుని తిన్నారట. మిగిలినవాళ్ళు తినలేదు. వాళ్ళను తప్పు పట్టను.

213వ దినం కింద ఖాళీ వదిలిన గీత ఉంది. దస్తగిరి అక్కడ ఆ మాట ఇప్పుడు రాయనా అని అడిగాడు. వద్దన్నాను. అది ఖాళీగానే ఉండనీ. నోరు తెరవాల్సిన చోట నేను తెరవలేదని అది చెప్తుంది.

చెప్పింది చెప్పినట్టు రాసి, నాకు రెండుసార్లు చదివి వినిపించారు. ఒప్పుకొని వేలిముద్ర వేస్తున్నాను.

(సుంకులమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర, మోటారు మసితో)

సాక్షులు:

దస్తగిరి, మోటారు చూసేవాడు, నడి గవి. రాసింది నేనే. ఒక్క మాట మార్చలేదు.

తిక్కన్న, చౌడమ్మ మొగుడు, అడుగు గవి. విన్నాను.

పుల్లమ్మ, కోడలు, పై గవి. గడియకు తాళం లేదన్నది నిజం. ఐదు దినాలూ నేనూ చూశాను.

ఓబులేసు, కొడుకు. ఈ రాతలో నేరం మోపబడినవాణ్ణి. చదివాను. నిజం. అమ్మకు మౌనం వేస్తే పక్కన నేను కూర్చుంటాను.